చాటలో కలిపిన గోలీలు

సోలాపూర్‌లో బీడీ పనివాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో చంద్రభాగకు నోరు ఎక్కువని పేరు. నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడు ఎవరైనా వరస తప్పించి బిందె పెడితే ఆ బిందెను కాలితో తన్నేసేది. బీడీ కార్ఖానాలో లెక్కచూసే మునీము ఆమె కట్టల్లోంచి నాలుగు బీడీలు తీసి వదులుగా ఉన్నాయని పక్కన పడేస్తే, అందులో ఒకటి అతని చేతికే ఇచ్చి, "ముట్టిచ్చుకొని సూడు. నడుమ ఆరిపోతే నేను రేపటి సంది రాను" అనేది. అతను ముట్టించుకునేవాడు కాదు. బీడీలు తిరిగి కట్టలోకి వచ్చేవి.

ఆ నోటికి భయపడని మనిషి ఒక్కతే, పక్కింటి యమునాబాయి. ఇద్దరిళ్ళకూ నడుమ ఒకటే గోడ. చంద్రభాగ తాతలు కరీంనగర్ దిక్కు నుంచి, యమునాబాయి పెద్దలు నల్లగొండ దిక్కు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చారు. వీళ్ళిద్దరూ పుట్టింది, పెరిగింది, పెళ్ళిళ్ళు చేసుకున్నది అంతా ఇక్కడే. యమునాబాయి నాలుగేళ్ళు పెద్దది, మెత్తటి మనిషి, ప్రతిదానికీ జంకుతుంది. భర్త తాగి తాగి పోయాక కూతురు పూనంను బీడీల మీదే పెంచింది. చంద్రభాగకు పిల్లలు లేరు. పూనం చిన్నప్పుడు ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తినేది, ఏ ఇంట్లో నిద్రొస్తే అక్కడే పడుకునేది. చంద్రభాగను 'మౌశీ' అనేది. పిన్ని అన్నమాట.

మధ్యాహ్నాలు ఇద్దరూ గడపల్లో ఎదురెదురుగా కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. నానబెట్టిన తునికాకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం. చేతుల పని చేతులు చేస్తుంటే మాటల పని చంద్రభాగ చేసేది. యమునాబాయి వినేది.

అలాంటి ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఒకే సంగతి దాచుకున్నారు.

ముందు పట్టుబడింది యమునాబాయి. ఆమె బట్టలు కొన్నాళ్ళుగా బయట తీగ మీద కనబడటం లేదు. చంద్రభాగ ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు లోపలికి వెళ్ళి చూస్తే మంచం వెనక, చీకట్లో, మరకలు పూర్తిగా పోని గుడ్డలు ఆరేసి ఉన్నాయి.

"ఏందక్కా ఇది? నీకు ముట్టు ఆగి ఎన్నేండ్లాయె?"

యమునాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మల్ల షురువైంది. వాసన గూడ వస్తుంది. ఎవ్వలికి చెప్పకే చంద్రా, పూనంకు సంబంధాలు చూస్తున్న."

చంద్రభాగ వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. తర్వాత నెమ్మదిగా అంది. "నాక్కూడ అయితుంది. దివాళి ముందు సంది."

నోటికి ఏదొస్తే అది అనే మనిషి కూడా ఈ ఒక్కటి నోటితో అనలేకపోయింది. గోడకు ఇటువైపు ఒకతె, అటువైపు ఒకతె, ఒకే రకం గుడ్డలు చీకట్లో ఆరేసుకుంటూ నెలలు గడిపేశారు.

మర్నాడే ఇద్దరూ లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఆమె చూసి, ముఖం అటు తిప్పుకుని, పెద్ద దవాఖానకు చీటీ రాసింది. అక్కడ ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇద్దరికీ గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్. ఇద్దరికీ కోసి తీసేసే దశ దాటిపోయింది. కరెంటు, అంటే రేడియేషన్ పెట్టాలి, వారానికోసారి సెలైన్లో మందు ఎక్కించాలి అన్నారు.

చంద్రభాగ భర్త అంబాదాస్ నీలం నగర్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డులో టవల్ మగ్గాలు నడుపుతాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి, ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాడు. ఈ సంగతి మాత్రం గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎవలన్న అడిగితే పేట్‌ల అల్సర్ అని చెప్పు. అక్కడ అయిందని చెప్పకు."

"అక్కడ అంటే ఎక్కడ?"

"నీకు తెల్వదా? ఆ సంచి పిల్లలను ఇయ్యనే ఇయ్యలే. ఇప్పుడు గీ రోగం తెచ్చింది."

చంద్రభాగ నోరు విని అలవాటైన గోడలు ఆ సాయంత్రం ఏమీ వినలేదు. ఆమె అన్నం వడ్డించింది. అతను తిన్నాడు. ఆ తర్వాత దవాఖానకు అతను ఒక్కసారి కూడా వెంట రాలేదు. షెడ్డులో సెలవియ్యరన్నాడు. చుట్టం పెళ్ళికి మాత్రం సెలవు దొరికింది.

అందుకని ఇద్దరాడవాళ్ళే పొద్దున్నే సిటీ బస్సెక్కి పోయి వచ్చేవాళ్ళు.

ఆ దవాఖానలో దీపాలి అనే డాక్టర్ ఉండేది. వయసులో చిన్నది, కళ్ళ కింద నిద్రలేని నలుపు. ఒకరోజు ఇద్దరినీ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, మరాఠీలో నిదానంగా చెప్పింది.

"మన ఒంట్లో గడ్డల్ని పెరగనియ్యకుండా ఆపే జన్యువులు ఉంటాయి. కాపలా వాళ్ళనుకోండి. క్యాన్సర్ వాటిని చంపదు, నిద్రపుచ్చుతుంది. రెండు రకాల గోలీలున్నాయి. కొత్తవేమీ కావు. ఒకటి బీపీకి, ఒకటి మూర్ఛకు చాలా ఏళ్ళుగా వాడుతున్నవే. అవి ఆ నిద్రపోయిన వాటిని లేపుతాయని తెలిసింది. అవి మేలుకుని ఉన్నప్పుడు కరెంటూ, సెలైన్ మందూ పడితే గడ్డకు దెబ్బ గట్టిగా తగులుతుందేమో అని ఇక్కడ పరీక్షించి చూస్తున్నాం. ఇష్టమైతేనే చేరండి. చేరకపోయినా కరెంటు, సెలైన్ మామూలుగానే అందుతాయి."

"లేపితే మంచిదే గదా" అంది యమునాబాయి.

"ఇంకో మాట వినండి. సగం మందికి ఆ రెండు మందులూ ఒకే గోలీలో కలిపి ఇస్తాం. సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త గోలీలు ఇస్తాం, అందులో మందు ఉండదు. ఎవరికి ఏవి పడ్డాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అలా చేస్తేనే మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేలుతుంది."

చంద్రభాగకు ఆ రెండో మాట నచ్చలేదు. కానీ యమునాబాయి అప్పటికే తలూపేసింది. ఆమె ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక చంద్రభాగ కూడా చేరింది.

కరెంటు గదిలో నొప్పి ఉండదు. ఇనుప బల్ల మీద కదలకుండా పడుకోవాలి, మిషను చుట్టూ తిరుగుతుంది. మొదటిరోజు, ఇంతేనా అనిపించింది ఇద్దరికీ. తర్వాత తర్వాత మూత్రానికి పోతే మంట, విరేచనాలు, తిన్నది నోట్లోకి రావడం. సెలైన్ మందు ఎక్కించిన రోజు తిరుగు బస్సులో యమునాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చునేది. కండక్టర్ ఏదైనా అంటే చంద్రభాగ చూసుకునేది.

గోలీలు మొదలైన కొన్నాళ్ళకు తేడా వచ్చింది. చంద్రభాగకు పొద్దంతా మత్తు. బీడీ చుడుతూ చుడుతూనే తల వాలిపోయేది. చేతివేళ్ళు సన్నగా వణకసాగాయి. దారం ముడి పడేది కాదు. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. దీపాలి రక్తం తీసి, బీపీ చూసి, గోలీలు ఒకసారి తగ్గించి మళ్ళీ మెల్లమెల్లగా పెంచింది. ఆమె కట్టలు కార్ఖానా నుంచి సగానికి సగం తిరిగొచ్చేవి. మునీముతో పోట్లాడే ఓపిక కూడా లేదు.

"లేపే గోలీలు అన్నది మేడం. నన్నేమో పండవెడుతున్నయి" అంది యమునాబాయితో.

యమునాబాయి నవ్వలేదు. తన చేతులు ముందుకు చాచి చూసుకుంది. ఒక్క వేలు కూడా వణకడం లేదు.

"చంద్రా, నీయి ఖరీ గోలీలు, అసలైనయి. నాయి ఖోటీ."

"ఎవరన్నరు?"

"ఎవలనాలె? సూస్తున్న గదా. నీకు తిక్కలు తిక్కలు అయితున్నది. నాకు ఏం లేదు. అవి ఉత్తయే. చక్కెర మింగినట్టు మింగుతున్న."

అప్పటి నుంచి యమునాబాయి మనిషి మారిపోయింది. బస్సులో మాట్లాడదు. దవాఖానలో ఎవరి చేతులు వణుకుతున్నాయో, ఎవరు మత్తుగా ఉన్నారో చూస్తూ కూర్చుంటుంది. చంద్రభాగ తూగుతుంటే ఆ ముఖంలోకి అదోలా చూసేది. ఆ చూపులో జాలి లేదు. నలభై ఏళ్ళ స్నేహంలో ఒకరి చీర చూసి ఒకరు, ఒకరి మొగుణ్ణి చూసి ఒకరు అసూయపడింది లేదు. ఇప్పుడు ఒకరి జబ్బు బాధ చూసి ఒకరు అసూయపడే రోజు వచ్చింది.

"మేడంను అడుగుదాం పద, నీక్కూడ ఖరీ గోలీలే ఇయ్యమని" అంది చంద్రభాగ.

అడిగారు. దీపాలి తల అడ్డంగా ఊపింది. "మీవి ఉత్తవో కావో నాకే తెలీదు. తెలిసినా మార్చలేను. మత్తు రాకపోయినంత మాత్రాన మందు కాదని అనుకోవద్దు."

యమునాబాయి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "పూనంకు లగ్నం కాలే. నేను పోతే దానికెవరున్నరే" అంటూ ఏడ్చింది. అందరూ చూస్తుండగా, చంటిపిల్లలా.

ఆ మర్నాడు మధ్యాహ్నం యమునాబాయి తన గోలీల సీసా కొంగులో దాచుకుని వచ్చింది. అంబాదాస్ షెడ్డులో ఉన్నాడు, పూనం యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో ఉంది. గడపలో కూర్చుంటూ అడిగింది.

"సగం నాకియ్యవే."

"ఏంది?"

"నీయి సగం నాకియ్యి. నాయి సగం నువ్వు తీస్కో. లెక్క తక్కువైందని వాండ్లకు అనుమానం రాదు. ఇద్దరం బతుకుదాం. ఒక్కదానివే బతికి ఏం జేస్తవ్?"

చంద్రభాగ వద్దని చెప్పాల్సింది. వద్దని చెప్పడానికి కారణాలు కూడా ఆమెకు తెలుసు. మందు దవాఖానవాళ్ళు చెప్పినట్టే వేసుకోవాలని చిన్నపిల్లకైనా తెలుసు. కానీ ఎదురుగా కూర్చున్నది యమున. 'ఒక్కదానివే బతికి ఏం జేస్తవ్' అన్న మాటకు జవాబు ఆమె దగ్గర లేదు.

ఆమె లోపలికెళ్ళి తన సీసా తెచ్చింది. బీడీల చాట దులిపి, పొడిగుడ్డతో తుడిచింది. రెండు సీసాలూ అందులో ఒంపింది. ఒకే రంగు, ఒకే సైజు. ఏవి ఎవరివో ఒక్కసారి కూడా తేరిపార చూడకుండా అరచేత్తో కలిపేసింది. ఆ తర్వాత ఇద్దరూ చెరో గుప్పెడు చొప్పున పంచుకుని సీసాల్లో నింపుకున్నారు. యమునాబాయి ఒక గోలీ అక్కడికక్కడే నోట్లో వేసుకుని, నీళ్ళు కూడా లేకుండా మింగింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో వెలుగు కనబడింది.

ఆ పది పదిహేను రోజులే వాళ్ళిద్దరూ జబ్బులో సుఖంగా గడిపిన రోజులు. చంద్రభాగకు మత్తు కొంత తగ్గింది, బీడీలు మళ్ళీ బిగువుగా వస్తున్నాయి. యమునాబాయికి నిద్ర ముంచుకొచ్చేది. బస్సులో చంద్రభాగ భుజం మీద తలపెట్టి పడుకునేది. "సూసినవా, లేస్తున్నయి నాయి గూడ" అనేది కళ్ళు మూసుకునే. చేతులు వణుకుతుంటే చంద్రభాగకు చూపించి సంబరపడేది.

ఒకటి వాళ్ళు ఆలోచించలేదు. అలా కలిపేశాక ఏ రోజు ఎవరి నోట్లో నిజమైనవి ఎన్ని పడుతున్నాయో దేవుడికి కూడా తెలీదు. ఒకరోజు అన్నీ ఉత్తవే పడవచ్చు. ఇంకోరోజు అన్నీ నిజమైనవే పడవచ్చు.

సెలైన్ మందు ఎక్కించిన మర్నాడు యమునాబాయికి పొద్దుట్నుంచీ వాంతులు. నీళ్ళు కూడా ఇమడలేదు. అయినా కరెంటు తప్పించకూడదని బయల్దేరింది, గోలీలు మాత్రం మరిచిపోకుండా వేసుకుంది. దవాఖాన ముందు బస్సాగింది. చంద్రభాగ ముందు దిగి, చేయి అందిద్దామని వెనక్కి తిరిగేసరికి యమునాబాయి మెట్టు మీది నుంచి కట్టెలా కింద పడింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు చంద్రభాగకు వినబడింది.

లోపలికి మోసుకెళ్ళారు. బీపీ అడుగంటింది. దీపాలి పరుగెత్తుకొచ్చింది. ఎవరికి ఏ గోలీలు పడ్డాయో దాచిన జాబితా అత్యవసరమైతే తెరిచి చూసే ఏర్పాటు ఉంటుంది, చూశారు. యమునాబాయి అనుమానం నిజమే. ఆమెకు ఇచ్చినవి ఉత్త గోలీలు. మరి ఉత్త గోలీలు మింగే మనిషికి బీపీ ఇంతగా ఎందుకు పడింది, ఈ మత్తేమిటి అని దీపాలికి అర్థం కాలేదు. "ఇంకేదైనా మందు వేసుకుంటోందా ఈమె?" అని అడిగింది.

పక్కనే పూనం ఉంది. కబురందుకుని కుట్టుపని మీద నుంచి అలాగే వచ్చేసింది, జుట్టులో దారప్పోగులు.

చంద్రభాగ ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆమె ఊరుకోలేదు. తెలీకపోతే వైద్యం ఎలా చేస్తారనిపించింది. "నాయి ఇచ్చిన మేడం. రెండు సీసలు కలిపి పంచుకున్నం" అని చెప్పేసింది.

దీపాలి ఆమె వైపు తిరిగింది. "మీకు బరువూ, బీపీ చూసుకుంటూ ఎంత జాగ్రత్తగా పెంచామో చూశారు కదా. ఆమె ఒంట్లో నీళ్ళు లేవు, తిండి లేదు. అందులో ఎన్ని పడ్డాయో ఏమో. ఎందుకిలా చేశారు?"

"ఇద్దరికీ ఖరీయే ఇచ్చుంటే మీ సొమ్మేం పోయేది?"

"అవి పనిచేస్తాయో లేదో మాకే తెలీదని చెప్పాను కదా!"

"తెల్వనిది నాకెందుకిచ్చిన్రు మరి? ఇచ్చిన్రు గదా. నాకిచ్చి ఆమెకియ్యకపోతే ఆమె ప్రాణం ఎట్ల ఊకుంటది?"

దీపాలి చెప్పగలిగింది ముందే చెప్పేసింది. అది తప్పూ కాదు. పెద్ద డాక్టర్ వచ్చి దీపాలిని అందరి ముందూ గట్టిగా కసిరాడు. ఇద్దరినీ ఆ పరీక్షలోంచి తీసేశారు. గోలీలు ఆపేశారు. కరెంటు, సెలైన్ మాత్రం కొనసాగించారు.

పూనం చంద్రభాగ దగ్గరికి వచ్చి, "నువ్విక ఇంటికి పో మౌశీ" అంది. అంతే.

యమునాబాయి తుంటికి ఆపరేషన్ చేశారు. అది మానేవరకు ఆమెను ఆ ఇనుప బల్ల మీద పడుకోబెట్టలేకపోయారు. కరెంటు మధ్యలో ఆగకూడదని, ఆగితే గడ్డ మళ్ళీ పుంజుకుంటుందని మొదట్లోనే చెప్పారు. వారాలు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టేనాటికి గడ్డ పక్కనున్న మూత్రసంచిని పట్టుకుంది.

చంద్రభాగ మాత్రం ఒక్కరోజు తప్పకుండా వెళ్ళింది, ఒంటరిగా బస్సెక్కి. చివర్లో లోపలి నుంచి కరెంటు పెట్టే వైద్యం ఒకటి ఉంటుంది, అది కూడా పళ్ళు బిగబట్టి చేయించుకుంది. ఆ తర్వాత స్కానింగ్‌లో గడ్డ కనబడలేదు.

ఘర్కుల్‌లో మాట పాకింది. మొదట ఎవరన్నారో తెలీదు. తనకు పడని గోలీలు యమునకు అంటగట్టిందన్నారు కొందరు. కరెంటు నడుమ యమున మంచిగైతుంటే ఓర్వలేక చేసిందన్నారు ఇంకొందరు. ట్యాంకర్ దగ్గర చంద్రభాగ వస్తే వరస దానంతటదే తొలగేది. ఇప్పుడు ఎవరూ పోట్లాడేవారు కారు. బిందె నింపుకుని పోవడమే.

అంబాదాస్ అరిచాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. "మిర్గీ మూర్ఛల గోలీలు తిన్నవు, తినిపిచ్చినవు. నీకు ఇచ్చినయి నువ్వు మింగక ఊరికి పంచుతవా? రేపు పోలీసులొస్తే నన్ను గుంజుకపోతరు."

"నిన్నెందుకు గుంజుకపోతరు? నువ్వు దవాఖాన మొఖం సూసినవా ఎప్పుడన్న?"

ఆ మాటతో అతను చెయ్యెత్తాడు. ఆమె కదలకుండా నిలబడి చూసింది. అతను ఎత్తిన చేతితో తలుపు గుద్ది వెళ్ళిపోయాడు.

చంద్రభాగ యమునాబాయిని చూడటానికి రోజూ వెళ్ళేది. పూనం కుట్టుపనికి పోయే వేళ చూసుకుని వెళ్ళేది. యమునాబాయికి కోపం లేదు. అదే చంద్రభాగకు మరీ కష్టంగా ఉండేది. తిట్టినా బాగుండేది. ఆమె నీరసంగా చేయి పట్టుకుని, "నా మాటకు ఇచ్చినవు. నేనే అడిగిన. పూనంకు చెప్త" అనేది. చెప్పింది కూడా. పూనం నమ్మలేదు, తల్లి మెతక మనసుతో ఎవరినైనా వెనకేసుకొస్తుందని ఆమెకు తెలుసు. నమ్మినా కోపం పోయేది కాదేమో.

ఒక సాయంత్రం పూనం తొందరగా వచ్చేసింది. చంద్రభాగ యమునాబాయి నోటికి సగ్గుబియ్యం జావ చెంచాతో పెడుతోంది. పూనం ఆ గిన్నె ఆమె చేతిలోంచి తీసుకుని మోరీలో పారబోసింది.

"నీ చేతితోని మా అమ్మకు ఇంకేం పెట్టకు."

యమునాబాయి వద్దన్నట్టు చేయి చాపింది. చంద్రభాగ లేచి వచ్చేసింది. ఆ తర్వాత గోడకు ఇవతల నుంచి మూలుగులు వినడమే. వానాకాలం మొదట్లో ఒకరోజు ఆ మూలుగులు ఆగాయి. పాడె వెంట అంబాదాస్ వెళ్ళాడు, లోకం కోసం. చంద్రభాగను గడప దాటనివ్వలేదు పూనం.

సంవత్సరం తిరక్కుండానే పూనం పెళ్ళి చేసుకుని నీలం నగర్ వెళ్ళిపోయింది. పెళ్ళికి ఘర్కుల్‌లో ఆ వరస ఇళ్ళన్నిటికీ పిలుపు వచ్చింది, ఒక్క ఇంటికి తప్ప.

చంద్రభాగ తిరుగు పరీక్షలకు వెళ్తూనే ఉంది. మూడేళ్ళ తర్వాత అలా వెళ్ళినప్పుడు దీపాలి ఎదురై, తానే ఆపి పలకరించింది. ఆ గోలీల పరీక్ష ముగిసిందని చెప్పింది. చంద్రభాగ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏం తేలింది?"

"నిజం గోలీలు వాడినవాళ్ళు కొంచెం మెరుగ్గానే ఉన్నట్టు కనబడింది. కానీ ఆ తేడా నమ్మదగినంత పెద్దది కాదు. యాదృచ్ఛికంగా కూడా వచ్చి ఉండవచ్చు. ఇంకా ఎక్కువమంది మీద చూడాలి."

"అంటే పనిచేసిందా, చెయ్యలేదా?"

"చెప్పలేం."

"మేమిద్దరం అందుల ఉన్నమా?"

"మధ్యలో వెళ్ళిపోయిన వాళ్ళ కింద ఉన్నారు."

చంద్రభాగ కొంగు వేలికి చుట్టుకుంది. "యమునకు మొదటి నుంచే ఖరీ గోలీలు పడుంటే బతికేదా?"

"తెలీదు చంద్రభాగ గారూ."

"నేను ఇయ్యకపోయుంటే?"

దీపాలికి అబద్ధం చెప్పడం సులువుగా ఉండేది, చెప్పలేదు. "పడకపోయి ఉంటే కరెంటు ఆగేది కాదు. ఆగకపోతే అవకాశం ఎక్కువుండేది. తప్పకుండా బతికేదని మాత్రం అనలేను."

"మరి నేను సగం ఇచ్చేసి గూడ బతికిన గదా. గోలీలతోని కాదన్నట్టేనా?"

"అది కూడా చెప్పలేను. ఒక్క మనిషి సంగతి అందులో తేలదు."

చంద్రభాగ లేచింది. పనిచేసిందని చెప్పినా ఆమె భరించేది, ప్రాణం పంచబోయానని అనుకునేది. పనికిమాలినవని చెప్పినా భరించేది, తిట్టడానికి ఈ దవాఖాన మిగిలేది. ఈ రెంటిలో ఏదీ ఆమెకు దొరకలేదు.

ఇంటికి వెళ్ళకుండా నీలం నగర్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ పూనం ఇల్లు పట్టుకుంది. పూనం గుమ్మంలో కూర్చుని కూతురికి అన్నం తినిపిస్తోంది. చంద్రభాగను చూసి చేయి ఆగింది. కూర్చోమనలేదు.

"దవాఖాన నుంచి వస్తున్న" అంది చంద్రభాగ. "ఆ గోలీల సంగతి తేలిందట. నీకు చెప్పాలె అనిపిచ్చింది."

"చెప్పు."

దీపాలి అన్నదంతా చెప్పింది. తన తప్పు తగ్గించలేదు, పెంచలేదు.

పూనం అంతా విని అడిగింది. "మా అమ్మ నీ వల్ల పోయిందా, కాదా? ఒక్క మాట చెప్పు మౌశీ."

"తెల్వదన్నరు."

"గీ మాట చెప్పనీకి గింత దూరం వచ్చినవా?"

పాప నోరు తెరిచి ఆమెనే చూస్తోంది, మెతుకులు గడ్డం మీద అంటుకుని ఉన్నాయి. అచ్చం పూనం చిన్నప్పటి ముఖం. చంద్రభాగ చేయి తెలీకుండానే ఆ మెతుకులు తుడవడానికి ముందుకు సాగింది. పూనం పాపను ఎత్తి అటువైపు తిప్పుకుంది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

సందులో మగ్గాలు మోత పెడుతున్నాయి. ఆ మోతలో తలుపు అవతల పాప ఏడ్చిందో లేదో కూడా వినబడలేదు. చంద్రభాగ కాసేపు నిలబడి, బస్సు దొరికేచోటికి నడిచింది.

ఇది జరిగి చాలాకాలమైంది. చంద్రభాగ ఇప్పటికీ విడీ ఘర్కుల్‌లోనే ఉంది, బీడీలు చుడుతుంది, లోపలే కూర్చుని. పక్కింట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. అంబాదాస్‌కు అన్నం పెడుతుంది, అతను అరిస్తే వింటుంది. మునీము కట్టలోంచి బీడీలు తీసి పక్కన పడేస్తే మారుమాట్లాడకుండా ఖాళీ సంచి మడుచుకుని వచ్చేస్తుంది. ఏడాదికోసారి పరీక్షకు ఒక్కతే పోతుంది. ప్రతిసారీ అంతా బాగుందనే చెబుతారు. ఆ మాట విని ఆమె ముఖంలో ఏ మార్పూ రాకపోవడం చూసి, సరిగ్గా వినబడలేదేమోనని నర్సు రెండోసారి గట్టిగా చెబుతుంది.